పేరు కొట్టేసి చదువు

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆ గాయకుడి పేరు పద్నాలుగు చోట్ల ఉంది, అందులో మూడు చోట్ల బిరుదుతో సహా. ఆ పేరు ఈ ఉత్తరంలో నేను రాయను, ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది. "బావుందా మాస్టారూ?" అని అడిగావు. ఒక్క వాక్యం చాలా బావుంది. మిగతాది ఎవరైనా రాసేదే.

మొహం ముడుచుకోకు, ముందు ఆ ఒక్క వాక్యం సంగతి చెప్తా. విశాఖ ఎయిర్‌పోర్టులో పొద్దున్నే ఆయన పక్క కుర్చీలో కూర్చున్నావు, గుర్తుపట్టావు, సెల్ఫీ అడగాలా వద్దా అని టెన్షన్ పడ్డావు. అంతవరకు సరే. అక్కణ్ణుంచి ఆయన ఎక్కడ పుట్టాడు, ఎన్ని భాషల్లో పాడాడు, ఏయే అవార్డులు వచ్చాయి అంటూ ఆరు పేరాలు. ఏడో పేరాలో, ఏదో పనికిరాని విషయంలాగా, "ఫ్లాస్కు మూత ఎంత తిప్పినా రాకపోతే నాకిచ్చారు, నేను తీసిచ్చాను" అని ఒక ముక్క రాసి, మళ్లీ అవార్డుల్లో పడిపోయావు. అమ్మా, నీ వ్యాసం ఆ మూతేనమ్మా! జీవితమంతా గొంతు కాపాడుకుంటూ ఎక్కడికెళ్లినా వేడినీళ్లు మోసుకెళ్లే డెబ్భై దాటిన మనిషి, మూత తిప్పే సత్తువ వేళ్లలో చాలక, ముక్కూమొహం తెలియని పిల్ల చేతిలో ఫ్లాస్కు పెట్టాడు. ఆ ఆరు పేరాలూ నెట్లో ఎవరికైనా దొరుకుతాయి. ఈ మూత సంగతి తెలిసింది మీ ఇద్దరికే, ఆయన ఈపాటికి మర్చిపోయే ఉంటాడు.

అందుకని ఒక పని చెయ్. పేరు ఉన్నచోటల్లా కొట్టేసి "ఒక పెద్దాయన" అని పెట్టి చదువు. చదవాలనిపించినంత మేరకే అది నువ్వు రాసింది, తక్కినదంతా ఆయన పేరు మోస్తున్న బరువు.

బాలుగారు పోయిన రోజు గుర్తుందా, 2020 సెప్టెంబరు 25? ఫోన్ తెరిస్తే అందరూ ఆయన పక్కన నిలబడ్డ ఫొటోలే, కింద అందరివీ అవే మాటలు, ఎంత నిరాడంబరులో, ఎంత ఆప్యాయంగా పలకరించారో. నేను పెట్టలేదు. గొప్పకేం కాదు, నా దగ్గర ఫొటో లేదు, ఉంటే పెట్టేవాణ్ణే. కానీ అదే బాలుగారు తన కథ చెప్పేటప్పుడు ఎలా చెప్పేవారో చూడు. గూడూరులో పాటల పోటీ, తనకొచ్చింది రెండో బహుమతి, ముఖ్య అతిథిగా వచ్చిన జానకిగారు మొదటిది ఈ అబ్బాయికి రావాల్సింది అన్నారు. "జానకిగారు నన్ను మెచ్చుకున్నారు" అని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు, ఆ రెండో బహుమతిని దాచలేదు. అది ఉండబట్టే జానకిగారి మాటకి విలువొచ్చింది.

ఇప్పుడు నా సంగతి. ఇది నేను ఎక్కడా రాయలేదు, నిజానికి రాశాను, అబద్ధం రాశాను.

మా ఊరి శ్రీరామనవమి పందిట్లో కచేరీ. నాకు పంతొమ్మిదేళ్లు, కమిటీవాళ్లు చెప్పిన పనల్లా చేసే కుర్రాణ్ణి. మృదంగానికి మద్రాసు నుంచి చాలా పెద్ద విద్వాంసుడు వచ్చాడు. మృదంగానికి కుడివైపు నల్లటి మచ్చ ఎప్పుడూ ఉండేదే గాని, ఎడమవైపు మాత్రం కచేరీకి ముందు బొంబాయి రవ్వ నీళ్లతో తడిపి, ముద్ద చేసి, చర్మం మధ్యలో అంటిస్తారు. అప్పుడే ఆ గుమ్మనే నాదం పలుకుతుంది. అయ్యాక గీకేస్తారు. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. "రవ్వ తీసుకురా" అన్నారు, పరుగెత్తి ఇంటికెళ్లి చీకట్లో చేతికందిన డబ్బాలోంచి పొట్లం కట్టి తెచ్చాను. ఆయన చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, "నాయనా, ఇది ఇడ్లీకి" అన్నాడు. బియ్యపు రవ్వ, ఎంత పిసికినా అంటుకోదు కదా. వేదిక మీద వయొలిన్ ఆయన శ్రుతి సరిచూసుకోవడం కూడా అయిపోయింది, జనం పానకం తాగుతూ చూస్తున్నారు, నేను మళ్లీ పరుగు. ఈసారి మా అమ్మని లేపి అడిగి తెచ్చాను. ఆయన గ్లాసులో నీళ్లు చిలకరించి తనే కలుపుకున్నాడు, అంటించాడు, చెవి వంచి ఒక్కసారి కొట్టి చూశాడు, కాస్త గీకి తీశాడు, మళ్లీ కొట్టాడు. నా పేరు అడగలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక వారపత్రికకి ఆయన గురించి రాశాను. రవ్వ సంగతి రాయలేదు, పరువు తక్కువనిపించింది. దాని బదులు కచేరీ అయ్యాక నా తల మీద చెయ్యి పెట్టి "నీలో కళ ఉంది" అన్నారని రాశాను. అచ్చయింది, చుట్టాలంతా చదివారు. ఆ తర్వాత ఒక సభలో ఆయన శిష్యుడొకరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "మీరు రాసింది చదివానండీ. ఆ రోజు పందిట్లో నేనూ ఉన్నాను. రైలుకి టైమైపోతోందని భోజనం కూడా చెయ్యకుండా కారెక్కించాం ఆయన్ని." నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్లీ, "ఇడ్లీ రవ్వ తెచ్చిన కుర్రాడు మీరేనా? అది రాయలేదేమండీ? గురువుగారు అది చెప్పుకుని ఎన్నేళ్లు నవ్వారో!" అన్నారు.

అంటే ఆయనకి నేను గుర్తున్నాను, అదీ నేను దాచిపెట్టిన చోట.

ఇలాంటి పరిచయాల్లో ఎప్పుడూ పెద్దవాళ్ల వైపు నుంచే చూస్తాం. ఘంటసాలగారి కథ నీకు తెలిసే ఉంటుంది. అత్తగారి ఊరు పెదపులివర్రు వెళ్లినప్పుడు అక్కడ సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యగారు తటస్థపడి, పాట విని, మద్రాసు రమ్మన్నారు. వెళ్లాడు. సముద్రాలవారి ఇల్లు చిన్నది, వాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని పానగల్ పార్కు వాచ్‌మన్‌కి నెలకి రెండు రూపాయలిచ్చి రాత్రిళ్లు అక్కడ పడుకునేవాడని చెప్తారు. అందరూ సముద్రాలవారి దగ్గర ఆగుతారు. నాకు మాత్రం ఆ వాచ్‌మన్ మీదే ఆరాటం. ఆ కుర్రాడు రాత్రి కూనిరాగం తీస్తే వాచ్‌మన్ విన్నాడా, నోర్మూసుకుని పడుకో అన్నాడా? ఎప్పుడైనా రేడియోలో ఆ గొంతు వస్తే పోల్చుకున్నాడా? ఎవరూ అడగలేదు, అతను రాయలేదు. నువ్వు ఎయిర్‌పోర్టులో ఉన్నది ఆ వాచ్‌మన్ చోట్లో, తేడా అల్లా నువ్వు రాయగలవు.

ఇంకో మాట. నీ పెద్దాయన ఇంకా కచేరీలు చేస్తున్నాడు. ఆయన వేళ్లు మూత తిప్పలేకపోతున్నాయని పేరు పెట్టి అచ్చేస్తే రేపు ఎవరో ఆయన్నే అడుగుతారు, ఆరోగ్యం ఎలా ఉందండీ అని. పేరు కొట్టెయ్యమన్నది వాక్యం కోసమే కాదు, అందుకు కూడా. పేరు లేకపోతే పత్రికలవాళ్లు వేసుకోరని నువ్వంటావు. కొందరు వేసుకోరు, నిజమే. వేసుకునేవాళ్లకే పంపు.

మూడో పేరాలో "ఆయన కళ్లలో సరస్వతీ కటాక్షం కనిపించింది" అన్నావు. ఏం కనిపించలేదు, నువ్వు ఆ టైంలో సెల్ఫీ గురించి ఆలోచిస్తున్నావు. తీసెయ్. సెల్ఫీ చివరికి అడిగావో లేదో కూడా తేల్చలేదు, అడిగుంటే సిగ్గుపడకుండా రాయి.

ఇంకొకటి, అన్నిటికంటే నన్ను వేధిస్తున్నది. మూత తీసి ఇచ్చావు, బానే ఉంది. ఆయన తాగాడా? నీళ్లు ఇంకా వేడిగా ఉన్నాయా?