మేనేజర్ మారితే గొడవ తగ్గుతుందా? నాకు నమ్మకం లేదు

"ప్లానింగ్, క్వాలిటీ, సైట్ వాళ్ళకి ఎప్పుడూ పడదెందుకు, మంచి మేనేజర్ ఉంటే సర్దుకోదా" అని ఒకరు అడిగారు. భవనాలు కట్టే కంపెనీలో పదకొండేళ్ళుగా సైట్ ఇంజనీర్‌ని, నలుగురు మేనేజర్లని చూశాను. మంచివాళ్ళున్నప్పుడు గొడవ కాస్త మర్యాదగా జరిగింది, అంతే.

విజయనగరం దగ్గర ఒక హాస్టల్ భవనం కడుతున్నాం. రెండో అంతస్తు స్లాబ్ వేసి తొమ్మిది రోజులైంది. ఆ రోజు సోమవారం, పైడితల్లమ్మ జాతరలో తొలేళ్ళు. మర్నాడు అసలు పండగ, సిరిమాను, ఇక ఊళ్ళో ఎవడూ పనికి రాడు. హైదరాబాద్‌లో కూర్చున్న ప్లానింగాయన షెడ్యూల్‌లో మాత్రం ఆ రెండు రోజులూ పనిదినాలే. ఫోన్ చేసి చెబితే "సిరిమాను అంటే లోకల్ హాలిడేనా?" అన్నాడు. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబరులోనే మా మీద పడ్డాయి. అయినా ఆయన చార్టులో అక్టోబరు నెలంతా ఎండే. సరే, అది వేరే ఏడుపు.

పొద్దున్నే సెంట్రింగ్ మేస్త్రి నలుగురు కుర్రాళ్ళని తీసుకొచ్చాడు, స్లాబ్ కింద ఆసరాగా నిలబెట్టిన జాకీలు తీసేసి బొబ్బిలి సైట్‌కి పట్టుకెళ్ళిపోవాలని. మేనేజర్‌కీ అదే కావాలి, కింద గోడలు లేస్తేనే నెలాఖరు బిల్లు లేస్తుంది. ఏడో రోజు కాంక్రీటు క్యూబ్‌లు నొక్కి చూసిన బలం టెస్టు బాగానే వచ్చింది కదా అంటాడు. క్వాలిటీ కుర్రాడు ఒప్పుకోలేదు. స్లాబ్ స్పాన్, అంటే ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం, అయిదున్నర మీటర్లు, నాలుగున్నర దాటితే జాకీలు పద్నాలుగు రోజులు ఉండాలని కాంక్రీటు పనుల రూల్ బుక్కు ఐఎస్ 456లో ఉంది అన్నాడు. అని ఊరుకోలేదు, సరిగ్గా స్లాబ్ మధ్య భాగం కింద, కాంక్రీటు మోసే గమేళా ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "తీయండి, నేనిక్కడే ఉంటాను."

నవ్వాలో తిట్టాలో తెలీలేదు. మేనేజర్ ఫోన్లో "నువ్వు ఎవరి సైడయ్యా?" అని నా మీద పడ్డాడు. మేస్త్రి నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఏటి బాబూ, ఈ జాకీలకి, షీట్లకి రోజూ అద్దె నేనే కడతన్నాను. మీరు నాకిచ్చేది అడుగు లెక్క, రోజు లెక్క కాదు. ఆ అయిదు రోజులూ ఎవలిస్తారు?"

అక్కడ నాకు అర్థమైంది. రూలు కరెక్టే, కుర్రాడూ కరెక్టే, కానీ ఆ రూలు ఖర్చు మేస్త్రి జేబులోంచి పోతోంది. పైవాళ్ళు మేనేజర్‌ని అడిగేది బిల్లు, కుర్రాడిని అడిగేది పగుళ్ళు. స్టోర్ ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు, క్యూరింగ్‌కి, అంటే స్లాబ్ తడిగా ఉంచడానికి, గోనె సంచులు అడిగితే సొంత ఇంటి దుప్పట్లు అడిగినట్టు చూస్తాడు, ఎందుకంటే ఆయన్ని అడిగేది స్టాక్. ఎవరి పీకకి ఏది చుట్టుకుంటుందో వాడు దానికోసమే కొట్లాడతాడు, దీనికి టీమ్ బిల్డింగ్ అని రిసార్టుకి తీసుకెళ్తే ఏమొస్తుంది చెప్పండి, మటన్ బిర్యానీ తప్ప?

జాకీలు కదల్లేదు. మేస్త్రి సిరిమానుకి వెళ్ళి గురువారం వచ్చాడు, శనివారం విప్పాం. బిల్లు తర్వాతి నెలకి పోయింది, మేనేజర్ నాతో పది రోజులు మాట్లాడలేదు. మేస్త్రికి అయిదు రోజుల అద్దె ఇమ్మని నేను రాసిన కాగితానికి "నెక్స్ట్ బిల్లులో చూద్దాం" అన్నారు. ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర కనబడితే మేస్త్రి ఇప్పటికీ అడుగుతాడు, "ఆ నెక్స్ట్ బిల్లు ఎప్పుడు బాబూ?" అని.