చైనా పండగలు, మన పంచాంగం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చైనా కొత్త సంవత్సరం ఒక ఏడాది జనవరిలో, ఇంకో ఏడాది ఫిబ్రవరిలో వస్తోంది. వాళ్లకీ మనలాగే తిథుల లెక్క ఉంటుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

ఉంటుందండీ. ఉగాది ఏటా తేదీ మారడం చూస్తూ పెరిగినవాళ్లకు ఇంత తేలిగ్గా అర్థమయ్యే విదేశీ క్యాలెండర్ ఇంకోటి లేదని నా అభిప్రాయం. నెల అమావాస్యతో మొదలవుతుంది, పదిహేనో రోజు ప్రాంతంలో పౌర్ణమి వస్తుంది. మనం మర్నాటి పాడ్యమి నుంచి లెక్కపెడితే వాళ్లు అమావాస్య రోజునే ఒకటో తేదీ అంటారు. డిసెంబర్ 21, 22 ప్రాంతంలో పగలు బాగా తక్కువగా ఉండే రోజు వాళ్ల 11వ నెలలో పడి తీరాలి, ఆ తర్వాత మామూలుగా రెండో అమావాస్యే కొత్త సంవత్సరం. 2025లో అది జనవరి 29న వచ్చింది. మీది కాకినాడ కాబట్టి చెబుతున్నాను, సరిగ్గా అదే రోజు మీ చొల్లంగి అమావాస్య! 2026లో ఫిబ్రవరి 17, అంటే మహాశివరాత్రి వెళ్లిన రెండో రోజు.

అన్ని రోజులు ఎందుకు జరిగిందంటే, 2025లో వాళ్లకు అధికమాసం వచ్చింది, ఆరో నెల రెండుసార్లు నడిచింది. 19 ఏళ్లకు ఏడు అధికమాసాలన్నది అక్కడా ఇక్కడా ఒకటే లెక్క, సూర్యుడు రాశి మారని నెలే అధికమాసం అన్న సూత్రం కూడా దాదాపు ఒకటే. కాకపోతే మనం నక్షత్రాలను బట్టి సంక్రమణం చూస్తాం, వాళ్లు రాత్రీ పగలూ సమానమయ్యే రోజును ఆధారం చేసుకుంటారు, ఈ రెంటికీ ఇప్పుడు సుమారు 24 రోజుల తేడా ఉంది కాబట్టి మన అధిక జ్యేష్ఠం 2026లో పడింది. అరవై ఏళ్ల చక్రమూ ఇద్దరికీ ఉంది. మన ప్రభవ 1987లో మొదలైతే వాళ్ల చక్రం 1984లో మొదలైంది. పాము ఏడాది, గుర్రం ఏడాది అని వార్తల్లో వినే పన్నెండు జంతువులు ఆ చక్రంలో ఒక భాగం మాత్రమే.

ప్రశ్న: చైనా నుంచి మొబైల్ సామాన్లు తెప్పించి అమ్ముతాను. సెలవులు వారమే అంటారు, సరుకు మాత్రం నెల దాటినా కదలదు. ప్రతి ఏడాదీ టెన్షనే.
– ఒక వ్యాపారి, హైదరాబాద్

చైనా కొత్త సంవత్సరానికి ప్రభుత్వం ఇచ్చే సెలవులు వారం పైచిలుకే, కానీ మీరు చూడాల్సింది అది కాదు. గ్వాంగ్‌డాంగ్, జెజియాంగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో చాలామంది సిచువాన్, హెనాన్, హునాన్ లాంటి లోపలి రాష్ట్రాలవాళ్లు, ఎంతోమందికి ఏడాదిలో పిల్లల్నీ అమ్మానాన్నల్నీ చూసుకునేది ఈ పండక్కే. పండగ ముందు 15 రోజులు, తర్వాత 25 రోజులు, మొత్తం 40 రోజులు రైళ్లూ బస్సులూ కిక్కిరిసిపోతాయి, టికెట్ దొరికిన రోజునే బయల్దేరిపోతారు. తిరిగి రావడం చాలాచోట్ల పదిహేనో రోజు దీపాల పండగ అయ్యాకే, కొందరైతే వేరే ఫ్యాక్టరీకి మారిపోతారు. సప్లయర్ మీద కోప్పడకండి, అతనూ ఊరెళ్లాలి కదా. 2027లో పండగ ఫిబ్రవరి 6నే, కాబట్టి నవంబర్‌లోనే ఆర్డర్ ఖాయం చేసుకుని డిసెంబర్‌లో సరుకు ఓడెక్కేలా చూసుకోండి. అక్టోబర్ 1 జాతీయ దినోత్సవం సెలవులనూ మర్చిపోవద్దు, 2025లో వాళ్ల ఎనిమిదో నెలలో వచ్చే శరత్కాల పౌర్ణమి పండగ కలిసొచ్చి అవి ఎనిమిది రోజులయ్యాయి.

ప్రశ్న: మా అమ్మాయి అక్కడ మెడిసిన్ చదువుతోంది. గుడ్డు కూడా తినదు. పండగలకు స్నేహితులు పెట్టేవి తినొచ్చా?
– ఒక తల్లి, నెల్లూరు

అడిగి తినమనండమ్మా, మొహమాటపడొద్దు. ఎనిమిదో నెల పౌర్ణమికి పంచే మూన్‌కేక్ చూడ్డానికి స్వీటే, కానీ పాత పద్ధతిలో పంది కొవ్వు కలుపుతారు, తామర గింజల ముద్ద మధ్యలో ఉప్పులో ఊరిన బాతు గుడ్డు సొన పెట్టేవీ ఉంటాయి. ఐదో నెల ఐదో రోజు పడవ పందేల పండక్కి ఆకుల్లో చుట్టి ఉడికించే జిగురు బియ్యం పొట్లాలు దక్షిణాన ఎక్కువగా పంది మాంసంతో, ఉత్తరాన ఎండు రేగుపళ్లతో చేస్తారు. రేగుపళ్లవి అడగమనండి. నువ్వుల ముద్ద పెట్టిన బియ్యప్పిండి ఉండల్లో కూడా కొవ్వు ఉండొచ్చు. అన్నిటికంటే నిశ్చింతగా తినగలిగేది 12వ నెల ఎనిమిదో రోజున వండే లాబా జావ: బియ్యం, చిరుధాన్యాలు, చిక్కుళ్లు, గింజలు, రేగుపళ్లు. ఆ రోజు బుద్ధుడికి జ్ఞానోదయమైందని వాళ్ల నమ్మకం. బీజింగ్‌లోని యోంగ్‌హె, హాంగ్‌జౌలోని లింగ్‌యిన్ ఆలయాల్లో వచ్చినవాళ్లందరికీ పంచుతారు. పొద్దున్నే క్యూలో నిలబడాలి, అమ్మాయిని తప్పకుండా వెళ్లమనండి.

ప్రశ్న: ఏప్రిల్‌లో వచ్చే చింగ్‌మింగ్‌కి మా చైనా క్లయింట్‌కి శుభాకాంక్షలు పంపాలా?
– ఒక ఉద్యోగి, బెంగళూరు

వద్దు. ఏప్రిల్ 4న గానీ 5న గానీ వచ్చే ఆ రోజున సమాధులు శుభ్రం చేసి, పూలూ ఆహారమూ పెట్టి పోయినవాళ్లను తలుచుకుంటారు, మహాలయ అమావాస్యకు ఎవరూ మనకు హ్యాపీ అని మెసేజ్ పెట్టరు కదా. ఇది సూర్యుడి లెక్క, మన సంక్రాంతిలాగే తేదీ పెద్దగా కదలదు. 2008 నుంచి ప్రభుత్వ సెలవు కూడా, కాబట్టి ఆ రోజు మీటింగ్ పెట్టకండి. శుభాకాంక్షలు పంపాలనుంటే శరత్కాల పౌర్ణమికి పంపండి, సంతోషిస్తారు.