గ్రీన్‌కార్డు వదులుకుంటే అమ్మాయి పిటిషన్ నిలుస్తుందా?

సందేహం: మాది తెనాలి. నా వయసు 68. టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి అమెరికా సిటిజన్. వాడు పిటిషన్లు వేస్తే 2018లో నాకూ నా భార్యకూ గ్రీన్‌కార్డులు వచ్చాయి. 2019లో నేను మా అమ్మాయికి ఐ-130 (బంధువుకు గ్రీన్‌కార్డు కోరుతూ వేసే పిటిషన్) వేశాను. అది అప్రూవ్ అయింది కానీ వీసాకు అమ్మాయి వంతు తేదీ ఇంకా రాలేదు. అమ్మాయికి 29 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నాం. మోకాలి ఆపరేషన్ కోసం వచ్చి పది నెలలుగా ఇక్కడే ఉన్నాను. నా భార్య మనవల దగ్గర అక్కడే ఉంది. ఈ తిరుగుడు ఇక నా వల్ల కావడం లేదు. కార్డు సరెండర్ చేసి, విజిటర్ వీసా తీసుకుని అప్పుడప్పుడు వెళ్లొద్దామనుకుంటున్నాను. పిటిషన్ ఎలాగూ అప్రూవ్ అయింది కాబట్టి అమ్మాయికి ఇబ్బంది ఉండదని బంధువులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: నిజం కాదండీ. ఈ మాట నమ్మి మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే రాసినందుకు సంతోషం.

ఐ-130 అప్రూవ్ అయిందంటే, మీరిద్దరూ తండ్రీకూతుళ్లేనని, అడిగే అర్హత మీకుందని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఒప్పుకుందని మాత్రమే అర్థం. అక్కడి నుంచి అమ్మాయి ఇమిగ్రెంట్ వీసా తీసుకుని అమెరికాకు బయలుదేరే దాకా మీ పర్మనెంట్ రెసిడెంట్ (గ్రీన్‌కార్డు) హోదా నిలిచి ఉండాలి. మీరు సిటిజన్ అయితే ఫర్వాలేదు. మరే రకంగా ఆ హోదా ముగిసినా అప్రూవల్ దానంతటదే రద్దయిపోతుంది. ఎవరో ఆఫీసర్ కూర్చుని ఆలోచించి తీసుకునే నిర్ణయం కాదిది. ఫెడరల్ నిబంధనల్లోనే అలా రాసి ఉంది.

పిటిషన్ మళ్లీ వేసుకోవచ్చు. 2019 నాటి ప్రయారిటీ డేట్ (క్యూలో అమ్మాయి స్థానాన్ని నిర్ణయించే తేదీ) మాత్రం తిరిగి రాదు. మీ అబ్బాయి మళ్లీ మీకు గ్రీన్‌కార్డు తెప్పించి, మీరు మళ్లీ ఐ-130 వేసినా, ఇలా రద్దయిన పిటిషన్ తేదీని కొత్తదానికి ఇవ్వరు. అమ్మాయి కొత్త తేదీతో క్యూ చివర నిలబడాల్సిందే. పిటిషన్ వేసిన మనిషి చనిపోయినప్పుడు కూడా పిటిషన్ రద్దవుతుంది. కానీ అప్పుడు మానవతా కారణాలతో పునరుద్ధరించమని అడిగే వీలుంది, దగ్గరి బంధువొకరు స్పాన్సర్‌గా ముందుకు రావాలి. కార్డు వదులుకున్నవారి విషయంలో ఆ దారి కూడా లేదు. అందుకే మీ అలసట నాకు అర్థమవుతున్నా, తొందరపడవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మీ పది నెలల సంగతి. ఏడాది దాటితే, రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేనివారికి, గ్రీన్‌కార్డు తిరిగి వెళ్లడానికి పనికిరాదు. ఆ పర్మిట్ అమెరికాలో ఉండగానే అప్లై చేయాలి, కాబట్టి ఇక్కడి నుంచి తీసుకోలేరు. ఏడాది దాటాక మిగిలేది ఎస్‌బి-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా. తిరిగి రావాలనే వెళ్లాననీ, ఆలస్యం నా చేతుల్లో లేని కారణంతో జరిగిందనీ కాన్సులర్ ఆఫీసర్‌ను కాగితాలతో ఒప్పించాలి. అది కష్టమైన దారి. వెళ్లదలిస్తే, మీకున్న రెండు నెలల్లోపే డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్న రోజు చూసుకుని టికెట్ తీసుకోండి. ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, ఫిజియోథెరపీ రసీదులు, ప్రయాణం వద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంటే అదీ చేతి సంచిలో పెట్టుకోండి. చెకిన్ లగేజీలో వేయొద్దు.

180 రోజులు దాటి బయట ఉన్నారు కాబట్టి, ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిలాగే పరిశీలించవచ్చు. ఎన్నాళ్లు బయట ఉన్నారు, ఇల్లు ఎక్కడుంది, భార్య ఎక్కడుంది, టాక్స్ రిటర్న్ వేశారా అని అడుగుతారు. ఆ ప్రశ్నల మధ్యలో ఒక ఫారం మీ ముందు పెట్టే అవకాశం ఉంది. దాని పేరు ఐ-407. హోదాను స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం అది. పెద్దవయసువాళ్లు సుదీర్ఘ ప్రయాణం చేసి, నిద్ర లేక, బయట కొడుకు ఎదురుచూస్తున్నాడన్న టెన్షన్‌లో ఇలాంటి చోట సంతకం పెట్టేస్తారు. పెట్టాల్సిన అవసరం మీకు లేదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని మర్యాదగా అనండి. అప్పుడు మీకు నోటీసు ఇచ్చి కోర్టుకు పంపవచ్చు. మీరు హోదా వదిలేశారని స్పష్టమైన, సందేహానికి తావులేని సాక్ష్యంతో నిరూపించాల్సిన భారం అక్కడ ప్రభుత్వానిదే. తుది ఉత్తర్వు వచ్చేదాకా మీరు పర్మనెంట్ రెసిడెంటే, అమ్మాయి పిటిషన్ బతికే ఉంటుంది. తెలుగు దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడకండి.

ఆరు నెలలకోసారి వెళ్లి ముఖం చూపిస్తే కార్డుకు ఢోకా లేదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అదీ తప్పే. ఎక్కడ నిజంగా కాపురం ఉంటున్నారు, బయటికి వచ్చిన పని తాత్కాలికమేనా, దానికి ఒక ముగింపు ఉందా అన్నది చూస్తారు. నాన్‌రెసిడెంట్‌గా టాక్స్ రిటర్న్ వేస్తే అది మీకు వ్యతిరేకంగా వాడుకునే సాక్ష్యం. మీకు పెన్షన్ వస్తుంటే దాన్ని కూడా రెసిడెంట్ రిటర్న్‌లో చూపించాలి. కార్డు గడువు తేదీకీ మీ హోదాకూ సంబంధం లేదు. కార్డు మీద ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నా హోదా పోవచ్చు, గడువు అయిపోయినా హోదా ఉండవచ్చు.

తిరిగి అక్కడే ఉండాలన్న ఉద్దేశం మీకు నిజంగా లేకపోతే, ఉందని ఆఫీసర్‌తో అనమని నేను చెప్పను. ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మాయి తేదీ వచ్చినప్పుడు మీరు ఐ-864 అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ (అమ్మాయి పోషణకు మీరిచ్చే ఆర్థిక హామీ పత్రం) ఇవ్వాలి. మీ ఆదాయం చాలకపోతే అబ్బాయి జాయింట్ స్పాన్సర్‌గా ఉండొచ్చు, కానీ మీ నివాసం అమెరికాలోనే అని మీరు చూపించి తీరాలి. తెనాలిలో స్థిరపడి, బీరువాలో కార్డు దాచుకున్నంత మాత్రాన పని జరగదు.

పెళ్లి సంగతి విడిగా చెప్పాలి. మీరు గ్రీన్‌కార్డు మీద వేసిన పిటిషన్ ఎఫ్2బి కేటగిరీ, అది పెళ్లికాని పిల్లలకు మాత్రమే. మీరు సిటిజన్ కాకముందు అమ్మాయి మెడలో తాళి పడితే ఆ రోజుతోనే పిటిషన్ రద్దు. రిజిస్టర్ చేయించకుండా గుళ్లో చేసినా, సంప్రదాయం ప్రకారం జరిగితే అది పెళ్లే. దాచిపెట్టి ముంబైలో వీసా ఇంటర్వ్యూకు వెళ్తే మోసం కిందికి వస్తుంది, శాశ్వతంగా తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది. నిశ్చితార్థానికి అభ్యంతరం లేదు. మంచి సంబంధం వస్తే వీసా కోసం అమ్మాయి జీవితాన్ని ఏళ్ల తరబడి ఆపమని మాత్రం నేను సలహా ఇవ్వలేను. ఆ నిర్ణయం ఆమెది. పై సంగతులన్నీ ముందుగా ఆమెకు చెప్పండి.

మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన మాట ఒకటుంది, మీ భార్యగారు అక్కడే ఉన్నారని. తల్లిదండ్రుల కేసుల్లో ఒక్కొక్కరికీ విడి పిటిషన్ ఉంటుంది కాబట్టి ఆమె గ్రీన్‌కార్డు మీ కార్డు మీద ఆధారపడి లేదు. మీరు సరెండర్ చేసినా ఆమెకేమీ కాదు. అమ్మాయికి ఆమె కూడా ఈ వారమే ఐ-130 వేయాలి. మీ తేదీ ఆమె పిటిషన్‌కు రాదు, కొత్త తేదీయే వస్తుంది, అయినా వేయాలి. 2018 నుంచి పెద్ద విరామాలు లేకుండా అక్కడే ఉండి ఉంటే సిటిజన్‌షిప్‌కు అప్లై చేసే అర్హత ఈపాటికే వచ్చి ఉంటుంది. ఇంగ్లీషు, సివిక్స్ పరీక్షలంటే చాలామంది అమ్మలు భయపడతారు, మనవల చేత రోజూ అరగంట చదివించుకుంటే దాటేస్తారు. ఆమె సిటిజన్ అయ్యాక అమ్మాయి పెళ్లి చేసుకున్నా, ఆమె వేసిన పిటిషన్ రద్దు కాదు, పెళ్లయిన పిల్లల కేటగిరీకి మారుతుంది. నిరీక్షణ పెరుగుతుంది, అంతే.

అబ్బాయి చేత కూడా చెల్లెలి పేరున ఒక పిటిషన్ వేయించండి. తోబుట్టువుల కేటగిరీలో భారతీయులకు పదిహేనేళ్లకు పైనే పడుతోంది, కాబట్టి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. దానికి మీ కార్డుతో గానీ, ఆమె పెళ్లితో గానీ సంబంధం లేదు. భర్త, 21 ఏళ్లలోపు పిల్లలు కూడా దానిమీద వెళ్లొచ్చు. ఒకే మనిషికి ఎంతమంది అర్హులైన బంధువులైనా పిటిషన్లు వేయవచ్చు.

ఈ రెండు పిటిషన్ల రసీదులూ చేతికొచ్చాక, వెళ్లకూడదనే మీరు తేల్చుకుంటే, 2019 తేదీ పోతుందని తెలిసే ఐ-407 పోస్టులో పంపండి. కాపీ, పోస్టల్ రసీదు జాగ్రత్త చేసుకోండి. విజిటర్ వీసా ఇంటర్వ్యూలో కార్డు ఏం చేశారని తప్పక అడుగుతారు, అప్పుడు ఆ కాగితమే చూపించాలి.