లైట్ తీస్కోవాలా, తీసెయ్యాలా?

సందేహం: మాది దిల్‌సుఖ్‌నగర్. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య కరెంటు బిల్లు చూసి టెన్షన్ పడుతుంటే మా అబ్బాయి “లైట్ తీస్కో నానమ్మా” అన్నాడు. ఆవిడ లేచి వెళ్లి హాల్లో లైట్ తీసేసింది! అసలు ఈ లైట్ ఏమిటండీ, దీపమేనా?

సమాధానం: బిల్లు సంగతికైతే మీ అత్తయ్య చేసిందే కరెక్టు. కానీ ఆవిడ ఆర్పిన లైట్ వేరు, మీవాడు అన్న లైట్ వేరు. ఒక మాటకు రెండు అర్థాలు కావివి, ఇంగ్లీషులో స్పెల్లింగూ ఉచ్చారణా ఒకటైపోయిన రెండు మాటలు. జర్మన్‌లో నేటికీ విడిగానే ఉన్నాయి: వెలుతురు లిష్ట్, బరువు లేనిది లైష్ట్.

తమాషా ఏమిటంటే, రెండింటికీ దూరపు చుట్టాలు సంస్కృతం వైపు నుంచి మనింటికీ వచ్చారు. బరువు లేని లైట్‌కి చుట్టం లఘువు. బళ్లో గణాలు కట్టేటప్పుడు ‘రమ’ మీద రెండు నిలువు గీతలు గీసేవాళ్లం చూడండి, ఆ లఘువే. (గురువంటే బరువైనదని అర్థం, ఆ బరువు మా మాస్టారి చేతికీ ఉండేది.) ఊపిరితిత్తుల్ని లంగ్స్ అనడమూ ఇందులోంచే, మేక తిత్తులు నీళ్లలో వేస్తే తేలతాయి కదా. ఇక వెలుతురు లైట్‌కి చుట్టం రుచి! అమరకోశం కాంతికి చెప్పిన పేర్లలో రుచి ఒకటి. మెరిసేది కంటికి నచ్చుతుంది, అక్కణ్నుంచి నచ్చడమే రుచి అయి చివరికి నాలుక మీద స్థిరపడింది. డిలైట్ మాత్రం ఏ లైట్‌కీ చుట్టం కాదు, లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి లైట్‌ని చూసి స్పెల్లింగు మార్చుకుంది.

ఇంగ్లీషువాళ్లు దేన్నైనా లైట్‌గా తీసుకున్నారంటే అది నిర్లక్ష్యం, తప్పు. హైదరాబాద్‌లో “లైట్ తీస్కో” అంటే పట్టించుకోకు అనే ఓదార్పు, ఉర్దూలో “లైట్ లో” అన్నా అంతే. అయితే “వాడు నన్ను లైట్ తీస్కున్నాడు” అనండి, ఓదార్పు పోయి అవమానం వస్తుంది.

మీ అత్తయ్య తడబడింది లైట్ దగ్గర కాదు, తీయడం దగ్గర. ఇక్కడ చాలామంది లైట్ బంద్ చెయ్యమంటారు, వాళ్ల వైపు తీసెయ్యమంటారు. మీవాడు “పోనీలే నానమ్మా” అనుంటే ఆవిడ కుర్చీలోంచి లేచేది కాదు.