స్విచ్ మళ్లీ నొక్కకు తల్లీ

కడప

చిట్టితల్లీ,

పొద్దున మీ నాయన ఫోన్ చేశాడు. అనంతపురంలో నీ రూములోనే కంప్యూటర్ అంతా విప్పి కొత్త క్యాబినెట్‌లోకి మార్చావంట. ఇప్పుడు ఆన్ కావడం లేదంట. అయినా షాపుకు ఇవ్వను, నేనే చూసుకుంటాను అన్నావంట. ఆ మాటకు నా కడుపు నిండింది. ఆ వెంటనే "సాయంత్రం ఎస్‌ఎంపీఎస్ విప్పి చూస్తుందంట" అన్నాడు. అప్పటినుంచి నాకు చేతిలో పని సాగడం లేదు.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఆ ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు. నా మీద ఒట్టు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన కొంతసేపు అట్లే నిలిచి ఉంటుంది. దాని మీద అనుమానం ఉంటే స్నేహితుల దగ్గర ఇంకొకటి అడిగి తెచ్చి తగిలించి చూడు.

వెనక స్విచ్ వేశావా, 24 పిన్నుల కనెక్టర్ పూర్తిగా దిగిందా, ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల వైరు మరిచిపోయావా, ర్యామ్ టక్కుమని కూర్చుందా, పవర్ బటన్ వైరు సరైన రెండు పిన్నులకే పెట్టావా? ఇవన్నీ నువ్వు చూసే ఉంటావు, ఇంకోసారి చూడు.

ఫ్యాన్ కొంచెం కదిలి ఆగిపోతోందా? అట్లయితే చేయి తీసెయ్. ఎందుకో చెప్తా.

2008 ఎండాకాలంలో ఏడు రోడ్ల దగ్గర మన డీటీపీ సెంటర్ నడిచేటప్పుడు, యోగి వేమన యూనివర్సిటీలో చదివే పిల్లవాడొకడు క్యాబినెట్ మార్చమని తన కంప్యూటర్ తెచ్చిచ్చాడు. రేపే కావాలక్కా అన్నాడు. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి పదకొండు. నిద్రమత్తులోనే మదర్‌బోర్డును కొత్త క్యాబినెట్‌లోకి మార్చి బిగించి స్విచ్ నొక్కితే, ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. ఎస్‌ఎంపీఎస్ మార్చి నొక్కాను, ర్యామ్ మార్చి నొక్కాను. పిల్లవాడికి పొద్దున ఏం చెప్పాలనే టెన్షన్‌లో ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు. కాసేపటికి కాలిన వాసన వచ్చింది.

బోర్డు తీసి తిప్పి చూస్తే వెనకవైపు మెంతిగింజంత నల్లమచ్చ. దాని కింద క్యాబినెట్ రేకుకు ఒక ఇత్తడి స్టడ్, అంటే బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే మర, బిగించి ఉంది. బోర్డుకు అక్కడ రంధ్రమే లేదు, స్టడ్ వెనకవైపు తగిలి షార్ట్ అయింది. పెద్ద బోర్డుల కోసం పెట్టిన స్టడ్ అది. నేను తీయాలి, తీయలేదు. మొదటిసారే ఆగి ఉంటే బోర్డు బతికేదేమో.

పొద్దున ఆ పిల్లవాడు వచ్చి "నా ప్రాజెక్టు అక్కా?" అన్నాడు. హార్డ్‌డిస్క్ వేరే దానికి తగిలించి ఫైళ్లన్నీ చూపించేదాకా వాడి ముఖం చూడలేకపోయాను. గాజులు రెండు కుదువ పెట్టి బోర్డు కొనిచ్చాను. మీ నాయనకు ఈ సంగతి తెలీదు.

నీది మైక్రో ఏటీఎక్స్ బోర్డు అన్నావు కదా, 24.4 సెంటీమీటర్ల చదరం. కొత్త క్యాబినెట్ అంతకన్నా పెద్ద బోర్డులు పట్టే ఏటీఎక్స్‌ది, అందులో స్టడ్లు ముందే బిగించి వస్తాయి. నాకు అదే భయం. ప్లగ్ పీకి, బోర్డు బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టు. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ చాలు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా బొమ్మ రాని ప్రాసెసర్ అయితే అది కూడా. పవర్ బటన్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలుపు. అక్కడ ఆన్ అయితే తప్పు ఎక్కువగా క్యాబినెట్ వైపే ఉంటుంది. బోర్డు రంధ్రాలు, కింది స్టడ్లు ఒకదానికొకటి పోల్చి, ఎక్కువగా ఉన్నవి తీసెయ్.

ఇంకొక మాట. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? టెస్టర్ పెట్టి చూడు, వెలిగితే ఇంటావిడకు చెప్పు. మన దిక్కు ఎండలకు ఎర్తు గుంత ఎండిపోతుంది. మీ తాత ప్రతి వేసవిలో దాంట్లో రెండు బిందెల నీళ్లు పోసేవాడు. చెప్పులు లేకుండా మాత్రం ఆ పనికి కూర్చోకు.

ముందు అన్నం తిను. రాత్రి ఎంతసేపైనా మేలుకునే ఉంటాను. బోర్డు వెనకవైపు ఫోటో తీసి పంపు, స్టడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు.

మీ అత్త