పోలీసు కేసు కాగితాలు సివిల్ కోర్టులో చెల్లుతాయా?

ఫోర్జరీ కేసులో నిందితుడిగా మీకు అందిన చార్జిషీటు ప్రతులు రహస్యమని ఎవరో భయపెట్టారని, అదే భూమి మీద నడుస్తున్న సివిల్ దావాలో వాటిని వాడుకోవచ్చా అని అడిగారు. వాడుకోవచ్చు. అయితే కాగితంలో ఏముందన్న దానికంటే అది మీ చేతికి ఏ దారిన వచ్చిందన్నదే కోర్టు ముందుగా చూస్తుందని, దేవరకొండ వైపు మా చిన్నాయన మూడెకరాల పది గుంటల కోసం ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కిన నేను కచ్చితంగా చెప్పగలను.

ఎదుటివారి దస్తావేజు మీద సాక్షి సంతకం చేసిన వ్యక్తి బోనెక్కి, చిన్నాయన తన కళ్ళ ముందే వేలిముద్ర వేశాడన్నాడు. అంతకు ముందు పోలీసులకు మాత్రం, తాను హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో వచ్చి సంతకం పెట్టించుకున్నారని చెప్పి ఉన్నాడు. మా వకీలు ఆ వాంగ్మూలం జిరాక్సు బయటకు తీయగానే ఎదుటి వకీలు లేచి, పోలీసులకిచ్చిన వాంగ్మూలాన్ని కోర్టులో వాడటాన్ని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ నిషేధిస్తుందన్నాడు. జడ్జి గారు ఆ సెక్షన్ జోలికి పోకుండా, "ఇది మీకు ఎవరిచ్చారు?" అని మాత్రం అడిగారు. నిందితుల్లో ఒకడి బావమరిది ఇచ్చాడని నిండు కోర్టులో ఎట్లా చెబుతాం?

నిజానికి ఆ నిషేధం, ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 181వ సెక్షన్, ఆ నేరం మీద జరిగే విచారణకే పరిమితమని, సివిల్ వ్యవహారాలకు వర్తించదని భాగల్‌పూర్‌లో ఖైదీల కళ్ళు పొడిచిన ఉదంతంలో సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. ఆ రోజు మేము ఓడింది చట్టం దగ్గర కాదు, జిరాక్సు దగ్గర. చార్జిషీట్లను వెబ్‌సైట్లలో పెట్టనక్కరలేదని అదే కోర్టు 2023లో చెప్పినా, మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి సాక్షుల ఫోన్ నంబర్లతో సహా పేజీలన్నీ పెట్టాడు. ఆ సాక్షి మాట మార్చడానికి అదే కారణమని నేటికీ నా నమ్మకం.

అందుకే మీ దగ్గరున్న ప్రతులను నేరుగా దాఖలు చేయకుండా, క్రిమినల్ కోర్టులో సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టే ధృవీకరించి ఇచ్చే ప్రతికి, దరఖాస్తు పెట్టండి, లేదా ఆ రికార్డును తెప్పించమని సివిల్ కోర్టునే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 13 రూల్ 10 కింద అడగండి. మేమూ చివరకు సర్టిఫైడ్ కాపీ తెచ్చి చూపిస్తే, సాక్షి దాన్ని చదివి, "నేను చెప్పలేదు, పోలీసులే రాసుకున్నారు" అన్నాడు. దాంతో అప్పటికే బదిలీ అయిన దర్యాప్తు అధికారికి సమన్లు పంపి, మూడు వాయిదాలు వేచి చూశాము. ఆయన వచ్చి, సాక్షి చెప్పిందే తాను రాశానని ప్రమాణం చేసిన రోజున గానీ ఆ వాంగ్మూలానికి సాక్ష్యంగా ఎగ్జిబిట్ నంబరు పడలేదు.