ఆ కాపలావాళ్ళకి కళ్ళు లేవా?

ప్రశ్న: నేను అసాసిన్స్ క్రీడ్ 2 అనే వీడియో గేమ్ ఆడుతుంటే మా నాన్నగారు వెనక నిలబడి కాసేపు చూసి, “అందరూ రంగురంగుల బట్టల్లో ఉంటే వీడొక్కడే తెల్ల బట్టలు, నెత్తిన ముసుగు, నడుముకి కత్తి. ఇంతమందిలో దొంగచాటుగా ఎలా తిరుగుతున్నాడ్రా, ఆ కాపలావాళ్ళకి కళ్ళు లేవా?” అన్నారు. నాకు నోట మాట రాలేదు. చరిత్ర తెలియక అలా చేశారంటారా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తెలియక కాదు. 2007లో వచ్చిన మొదటి ఆటలో ఆ తెల్ల బట్టకి ఒక కారణం ఉంది. కథ 1191లో, మూడో క్రూసేడు రోజుల్లో, డమాస్కస్, ఏకర్, జెరూసలేం వీధుల్లో జరుగుతుంది. అక్కడ తెల్ల అంగీలూ ముసుగులూ వేసుకున్న పండితులు గుంపుగా నడుస్తుంటారు, మన కథానాయకుడు అల్తాయిర్ వాళ్ళ మధ్యలోకి దూరి, తల వంచి, చేతులు జోడించి, అదే నెమ్మది నడక నడిస్తే కాపలావాళ్ళు పట్టించుకోరు. కత్తి కట్టుకున్న పండితుణ్ణి ఎవరూ ఆపకపోవడం విడ్డూరమే అనుకోండి, అయినా బట్టకీ నడకకీ ఒక పొంతన కుదిరింది. రెండో ఆటకి కథ 15వ శతాబ్దపు ఇటలీకి వెళ్ళింది, పండితులు పోయారు, ముసుగు మాత్రం మిగిలింది. అప్పటికి జనం ఆటని గుర్తుపట్టేది ఆ ముసుగుతోనే మరి, తీసేస్తే అమ్మేదెలా?

నాకు అసలు చిరాకు ముసుగు మీద కాదు. దర్జీ దగ్గర అద్దకం రంగు కొని ఆ అంగీని నల్లగా మార్చినా, ఎర్రగా మార్చినా ఊళ్ళో ఒక్కడి ముఖంలోనూ తేడా కనపడదు. కథ జరిగే ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌లో నిజానికి ఎవరు ఎంత ఖరీదు బట్ట కట్టొచ్చో చెప్పే చట్టాలుండేవి, అంటే జనం ఎదుటివాడి బట్ట చూసే వాడి అంతస్తు లెక్కగట్టేవాళ్ళు. అలాంటి ఊళ్ళో చూసే కళ్ళు లేకపోతే ఎంత సరైన బట్ట వేసినా అది బొమ్మకి చుట్టిన గుడ్డే. పండగ ముందు బీసెంట్ రోడ్డులో హెల్మెట్ తీయకుండా బంగారం కొట్లోకి వెళ్ళి చూడండి, సెక్యూరిటీ అతను ఎంతసేపు ఊరుకుంటాడో.

అదే సిరీస్‌లో 2012లో వచ్చిన లిబరేషన్ ఈ పని బాగా చేసింది, పాపం దాన్ని ఆడినవాళ్ళు తక్కువ. 18వ శతాబ్దపు న్యూ ఆర్లీన్స్, నాయిక ఆవెలీన్, ఆమెకి మూడు వేషాలు. దొరసాని గౌనులో ఉంటే కాపలావాణ్ణి మాటలతోనో లంచంతోనో దారికి తెచ్చుకోవచ్చు, కానీ ఆ గౌనుతో గోడ ఎక్కలేదు. బానిస బట్టల్లో పెట్టె మోసుకుంటూ పనివాళ్ళలో కలిసిపోతే ఎవరూ తలెత్తి చూడరు. హంతకురాలి వేషంలో ఆయుధాలన్నీ ఉంటాయి, అనుమానమూ మొదటినుంచీ వెంటే ఉంటుంది. బట్ట మారితే ఊరు ఆమెని చూసే చూపు మారుతుంది. మీ నాన్నగారికి ఇది చూపించండి.

ఇంకా గట్టిది కావాలంటే 2018 నాటి కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్. 1403 నాటి బొహీమియా, కమ్మరి కొడుకు హెన్రీ. ఒంటిమీద వేసుకున్న ప్రతిదానికీ అది ఎంత చప్పుడు చేస్తుంది, ఎంత దూరానికి కనిపిస్తుంది, ఎంత కంట్లో పడుతుంది అని వేరువేరు లెక్కలున్నాయి. ఇనప కవచంతో దొంగతనానికి వెళ్తే ఇంట్లోవాళ్ళు లేచి కూర్చుంటారు. స్నానం చేయకుండా నెత్తురు మరకలతో పెద్దమనిషి దగ్గరికి వెళ్తే ఆయన మాట వినే తీరే మారిపోతుంది. నాకు బాగా నచ్చింది దివిటీ సంగతి: రాత్రిపూట ఊళ్ళో దివిటీ లేకుండా తిరిగితే కాపలావాడు ఆపుతాడు, దివిటీ పట్టుకుంటే నువ్వెక్కడున్నావో అందరికీ కనపడుతుంది. ఆ టెన్షన్‌కి ఏ ముసుగూ సాటి రాదు.

ప్రశ్న: నింజాలు నిజంగా నల్ల బట్టలే వేసుకునేవారా?
– పటమట, విజయవాడ

జవాబు: ఆ నల్ల వేషం చాలావరకు కబుకీ అనే జపాన్ రంగస్థల నాటకాలనుంచి వచ్చిందంటారు. రంగస్థలం మీద సామాన్లు అందించే పనివాళ్ళు ఒళ్ళంతా నలుపు కప్పుకునేవారు, వాళ్ళని లేనట్టే చూడటం ప్రేక్షకులకి అలవాటు, అందుకే కంటపడని నింజాకీ అదే వేషం అతికింది. అసలు గూఢచారులకి 17వ శతాబ్దపు జపాన్ గ్రంథాలు చెప్పిన వేషాలు ఏడు, వాటిలో వర్తకుడు, కొండల్లో తిరిగే సన్యాసి, వీధి గారడీవాడు, తలమీద బుట్ట బోర్లించుకుని వేణువు ఊదే భిక్షువు ఉన్నారు. షాడో టాక్టిక్స్ అనే 2016 ఆటలో ఐకో అనే గూఢచారిణి కిమోనో కట్టుకుంటే మామూలు కాపలావాళ్ళు మోసపోతారు, సమురాయ్ మాత్రం ఇట్టే పసిగడతాడు. ఆ ఒక్క నియమంతో కాపలావాళ్ళలోనే ఎక్కువ తక్కువలు వచ్చేశాయి.

ప్రశ్న: మన కొండవీడు మీద ఇలాంటి ఆట తీస్తే గూఢచారికి ఏం బట్టలు వేయాలి?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మంచి ప్రశ్న, నేనైతే సుగంధద్రవ్యాల వర్తకుడి మనిషిని చేస్తాను. 14వ శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకి కర్పూరం విరివిగా వాడేవాడనీ, ఆయనకి అవచి తిప్పయ సెట్టి విదేశాలనుంచి సుగంధద్రవ్యాలు తెప్పించి ఇచ్చేవాడనీ మన సాహిత్య చరిత్రలో చదువుకున్నదే. మోటుపల్లి రేవునుంచి సరుకు మూటతో వచ్చినవాణ్ణి పండగ రోజుల్లో కోట ద్వారం దగ్గర ఆపేదెవరు? చేతిలో కర్పూరం వాసన ఉండాలి, ధరలు నోటికి రావాలి. అదీ వేషం.

బట్టకన్నా నడవడి ముఖ్యమని కౌటిల్యుడు ఎప్పుడో గ్రహించాడు. అర్థశాస్త్రంలో తాపసి వేషం వేసిన గూఢచారి నెలకో రెండు నెలలకో ఒకసారి గుప్పెడు ఆకుకూర అందరూ చూస్తుండగా తినాలట, చాటుగా మాత్రం కావలసింది తినొచ్చట. ఆ తాపసి మహిమల గురించి శిష్యులు ఊరంతా ప్రచారం చేయాలి. ఇంత వివరం ఉన్న ఆట నాకింతవరకు కనపడలేదు. మన పగటి వేషగాళ్ళు కూడా అంతే, సోమయాజులు వేషం కడితే ఆ మాట, ఆ నస, ఆ దబాయింపు అన్నీ దించేసేవారు.

ఇక మన ప్రాంతంలో కాపలావాడు బట్ట చూసి ఊరుకోడు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇక్కడ ఎవరింట్లో దిగావు అని వరసపెట్టి అడుగుతాడు. కాబట్టి ఆ ఆటలో గోడలెక్కడం తగ్గించి, ఈ ప్రశ్నలకి అబద్ధం అతికేలా చెప్పడమే పెద్ద పరీక్షగా పెట్టాలి. ఒక ఊరివాడికి ఒకటి, ఇంకో ఊరివాడికి ఇంకొకటి చెప్పి, సాయంత్రం ఆ ఇద్దరూ ఒకే అరుగు మీద కలిస్తే నీ పని గోవిందా.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ పాతది. వీటిలో ఏది కొనమంటారు?
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: షాడో టాక్టిక్స్. కింగ్‌డమ్ కమ్ బరువైన ఆట, దాని జోలికి ఇప్పుడే వెళ్ళకండి. డిస్కౌంట్ వచ్చేదాకా ఆగి కొనుక్కోండి, తొందరేమీ లేదు.